ఎవరూ పిలవడం లేదనుకుని తీసేసిన మెథడ్

వరంగల్ కొత్తవాడ నుంచి ఒక అమ్మాయి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ముఖ్యమైన సంగతులు ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 23 ఏళ్ళు. నాన్న దర్రీలు నేస్తారు. బీటెక్ ఎలక్ట్రానిక్స్‌లో చేసినా జావా సొంతంగా నేర్చుకుని, ఎనిమిది నెలల కింద హన్మకొండలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరారు. ఆ కంపెనీ అడ్తి దుకాణాలకు తక్‌పట్టీలు ప్రింట్ చేసే ప్రోగ్రాం అమ్ముతుంది. సరుకు కాంటా అయ్యాక ఎన్ని బస్తాలు, ఎంత తూకం, క్వింటాకు ఎంత ధర, హమాలీ, దడ్వాయి (తూకం వేసే మనిషి) ఖర్చులు పోను రైతు చేతికి ఎంత వస్తుంది అన్నదంతా ఆ చీటీ మీద ఉంటుంది. ప్రోగ్రాం మొదట రాసిన సీనియర్ రెండేళ్ళ కింద మానేసి వెళ్ళిపోయారు.

మిర్చి సీజన్ మధ్యలో ఈమెకు వేరే చిన్న పని ఇచ్చారు. అది చేస్తుండగా ఒక ఫైల్లో హమాలీ ఖర్చు లెక్కగట్టే మెథడ్ (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క) కనిపించింది. దాన్ని ఎక్కడా వాడటం లేదని ఐడీఈ (కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్) చూపించింది. తీసేశారు. కంపైల్ చేస్తే ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. రెండు రోజుల తర్వాత ఒక దుకాణం గుమాస్తా ఫోన్ చేసి, తక్‌పట్టీల మీద హమాలీ ఖర్చు సున్నా పడుతోందని చెప్పాడు. అప్పటికే 340 చీటీలు అలా వెళ్ళిపోయాయి. టీమ్ లీడ్ అందరి ముందు "ఎవర్ని అడిగి తీసినవ్? నడుస్తున్నదాన్ని ఎందుకు ముట్టుకున్నవ్?" అని అరిచారు. ఈమె కంగారులో ఆ మెథడ్‌ను గుర్తున్నంత వరకు మళ్ళీ టైప్ చేశారు. అయినా సున్నానే వచ్చింది. చివరికి రాత్రి పక్క సీటు అన్న, కోడ్ పాత రూపాలను దాచిపెట్టే గిట్‌లోంచి పాత ఫైలు తీసి పెడితే సరిపోయింది. ఏ దుకాణానికి ఏ ఖర్చు వేయాలో ఒక డేటాబేస్ టేబుల్‌లో క్లాస్ పేరు, మెథడ్ పేరు అక్షరాలుగా రాసి ఉన్నాయనీ, ప్రోగ్రాం వాటిని చదివి రిఫ్లెక్షన్‌తో, అంటే నడుస్తుండగా పేరును బట్టి మెథడ్‌ను వెతికే పద్ధతితో, పిలుస్తుందనీ అప్పుడే తెలిసింది. ఆ టేబుల్‌ను దుకాణాల వాళ్ళు కూడా అడ్మిన్ స్క్రీన్‌లోంచి మార్చుకోవచ్చట.

ఇప్పుడు లీడ్ "చెడగొట్టింది నువ్వే, నేర్చుకుని నువ్వే చెయ్" అని రిఫ్లెక్షన్ పనులన్నీ ఈమెకే అప్పగించారు. అందులో మొదటిది, బయటి నుంచి తెచ్చుకున్న ప్రింటింగ్ జార్ ఫైల్లో (సిద్ధం చేసిన జావా కోడ్ మూట) కాగితం కత్తిరించే ఒక ప్రైవేట్ మెథడ్‌ను, అంటే బయటివాళ్ళు పిలవకూడదని దాచినదాన్ని, ఎలాగైనా పిలవడం. త్వరలో జావా 8 నుంచి 17కి మారాలి కూడా. అక్కాబావలేమో ఉద్యోగం మానేసి హైదరాబాద్ వచ్చేయమని, అమీర్‌పేటలో కోర్సు చేయమని అంటున్నారు. "ఒక్క లైను తీయాలన్నా చేతులు వణుకుతున్నాయి. నేను ఈ పనికి పనికిరానా మేడమ్? రిఫ్లెక్షన్ మొత్తం తీసేయమని చెప్పాలా, నేనే వెళ్ళిపోవాలా?" అని అడిగారు.

అమ్మా, ఆ రెండు రోజుల్లో జరిగినదంతా ఒకే తప్పు అన్నట్టు, అది మొత్తం మీదే అన్నట్టు రాశారు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాకు మూడు తప్పులు కనిపించాయి. వాటిలో మీది ఒకటి.

మామూలుగా ఒక మెథడ్‌ను పిలిచినప్పుడు ఆ పేరు కోడ్‌లోనే ఉంటుంది. మెథడ్ తీసేస్తే కంపైలర్ అక్కడికక్కడే ఆపుతుంది. మీ సీనియర్ రాసిన పద్ధతిలో ఆ పేరు కోడ్‌లో ఎక్కడా లేదు, డేటాబేస్‌లో ఒక వరుసగా ఉంది. ప్రోగ్రాం నడిచేటప్పుడు ఆ వరుస చదివి, క్లాస్.ఫర్‌నేమ్‌తో క్లాస్‌ను తెచ్చుకుని, గెట్‌మెథడ్‌తో మెథడ్‌ను వెతికి, ఇన్వోక్‌తో పిలుస్తుంది. మేడారం జాతరలో తప్పిపోయినవాళ్ళ కోసం మైకులో పేరు పిలుస్తారు చూడండి, అలాగన్నమాట. ఆ మనిషి ఇంకా జాతరలోనే ఉన్నాడా, బస్సెక్కి వెళ్ళిపోయాడా అన్నది పిలిచాక గానీ తెలియదు. కంపైలర్‌కూ ఐడీఈకీ ఆ మైకు వినపడదు. ఐడీఈ మీకు అబద్ధం చెప్పలేదు, దానికి కనిపించినంత వరకు చెప్పింది. కానీ ఇలా పిలిచే మెథడ్ పైన "దీన్ని టేబుల్‌లోంచి పిలుస్తాం" అని ఒక్క ముక్క రాసి పెట్టని తప్పు మీకంటే ముందు పని చేసినవాళ్ళది.

రెండోది ఇంకా పెద్దది. గెట్‌మెథడ్‌కు అడిగిన మెథడ్ దొరకకపోతే నో సచ్ మెథడ్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ వస్తుంది. దాన్ని అలాగే వదిలేసి ఉంటే మొదటి చీటీ దగ్గరే ప్రోగ్రాం ఆగేది. పది నిమిషాల్లో ఫోన్ వచ్చేది, మీరు మెథడ్ వెనక్కి పెట్టేవారు, సంగతి అక్కడితో అయిపోయేది. రెండు రోజులు ఎందుకు తెలియలేదు? మీరు ఉత్తరంలో రాసి పంపిన కోడ్ ముక్కలోనే జవాబు ఉంది. ఎర్రర్ వస్తే ఏం చేయాలో రాసే ఆ క్యాచ్ బ్లాక్ ఖాళీ. మెథడ్ దొరకలేదని ప్రోగ్రాంకు ప్రతిసారీ తెలుసు, 340 సార్లు తెలుసు. ఎవరికీ చెప్పకుండా ఖర్చును సున్నాగా వదిలి ముందుకు పోయింది. డబ్బు లెక్కగట్టే చోట తెలియని విలువను సున్నా అని అచ్చు వేయడం నేను అసలు ఒప్పుకోను. ఆ మెథడ్‌ను మీరు తీయకపోయినా, రేపు ఇంకొకరు టేబుల్‌లో పేరును ఒక అక్షరం తప్పు టైప్ చేస్తే ఇదే జరిగేది.

ఇక మీ వంతు. ఇచ్చిన పని వేరే ఉండగా, దాంతోపాటు ఈ మెథడ్ తీసివేత కూడా కలిపి పంపారు. తీసినట్టు ఎవరికీ చెప్పలేదు. కంపైల్ అయింది కదా అనుకున్నారు గానీ ఒక్క తక్‌పట్టీ అయినా ప్రింట్ చేసి చూడలేదు. ఇది నిజంగా మీ పొరపాటే, దీన్ని ఒప్పుకోండి. తీసివేతను విడిగా ఒక కమిట్‌గా (గిట్‌లో నమోదయ్యే ఒక మార్పుగా) పెట్టి, అందులో ఏం తీశారో రాసి ఉంటే పక్క సీటు అన్న చూసిన వెంటనే ఆపేవారు. ఈ అలవాటు వారం రోజుల్లో నేర్చుకునేది. పనికి పనికిరాకపోవడం అంటే ఇది కాదమ్మా.

మీరు మళ్ళీ టైప్ చేసినా సున్నా ఎందుకు వచ్చిందో ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. పాత మెథడ్ బస్తాల సంఖ్యను ఇంట్‌గా తీసుకుంటుంది. మీరు రాసిన దాంట్లో ఇంటీజర్ అని పెట్టారు. రెండూ పూర్ణాంకాలకే, కానీ జావా లెక్కలో వేరు వేరు రకాలు. మామూలు పిలుపులో ఈ తేడా పట్టదు, కంపైలర్ తానే ఒకదాన్ని ఇంకొకటిగా మార్చి ఇస్తుంది. గెట్‌మెథడ్ అలా మార్చదు. పేరుతోపాటు పారామీటర్ల రకాలు కూడా అచ్చంగా సరిపోవాలి. మైకులో పేరొక్కటే కాకుండా తండ్రి పేరు, ఊరు కూడా చెప్పి పిలిచినట్టు, మూడూ కలిస్తేనే ఆ మనిషి. విచిత్రం ఏమిటంటే, మెథడ్ దొరికాక ఇన్వోక్ మాత్రం మీరిచ్చిన ఇంటీజర్‌ను ఇంట్‌గా మార్చుకుంటుంది. వెతికేటప్పుడు పట్టింపు, పిలిచేటప్పుడు సర్దుబాటు. ఈ ఒక్క తేడా దగ్గర పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా గంటలు పోగొట్టుకోవడం నేను చూశాను. ఖాళీ క్యాచ్ బ్లాక్ ఇక్కడ కూడా మీ నోరు నొక్కింది. లేకపోతే ఏ రకాలతో వెతికి దొరకలేదో ఎర్రర్ సందేశంలోనే కనిపించేది.

ఆ తర్వాతి ఆదివారం ఇంట్లో కూర్చుని, ఆ క్లాస్‌లో ఏమేం మెథడ్లు ఉన్నాయో రిఫ్లెక్షన్‌తోనే జాబితా తీసే చిన్న ప్రోగ్రాం రాశానని ఉత్తరం చివర ఎక్కడో రాశారు. నాకు మొత్తం ఉత్తరంలో ఎక్కువ నచ్చిన సంగతి అది. దెబ్బ తగిలిన చోటే వేలు పెట్టి చూడటం అందరికీ రాదు. అందులో మీకు రెండు అనుమానాలు వచ్చాయి. ఎవరూ రాయని వెయిట్, నోటిఫై, హ్యాష్‌కోడ్ లాంటివి జాబితాలో ఎందుకు ఉన్నాయి? క్లాస్‌లో ఉన్న ప్రైవేట్ మెథడ్లు ఎందుకు లేవు?

మీరు వాడింది గెట్‌మెథడ్స్. అది పబ్లిక్‌గా ఉన్నవన్నీ ఇస్తుంది, పై క్లాసుల నుంచి వారసత్వంగా వచ్చినవాటితో సహా. జావాలో ప్రతి క్లాస్‌కూ పైన ఆబ్జెక్ట్ అనే క్లాస్ ఉంటుంది, దానికి తొమ్మిది పబ్లిక్ మెథడ్లు ఉన్నాయి. మీకు కొత్తగా కనిపించినవి అవే. గెట్‌డిక్లేర్డ్‌మెథడ్స్ అని ఇంకొకటి ఉంది. ఆ క్లాస్‌లో స్వయంగా రాసినవాటిని ప్రైవేట్ అయినా సరే చూపిస్తుంది, కానీ పై క్లాసుల జోలికి వెళ్ళదు. పైవాటివి కూడా కావాలంటే గెట్‌సూపర్‌క్లాస్‌తో ఒక్కో మెట్టు ఎక్కుతూ అడగాలి. ఇంకో మాట, ఈ జాబితాలో వరుసక్రమం మీద ఆధారపడకండి. ఏ క్రమంలో ఇస్తుందో జావా హామీ ఇవ్వదు. పారామీటర్ల పేర్లు మీకు ఆర్గ్0, ఆర్గ్1 అని కనిపించి ఉంటాయి. మామూలుగా కంపైల్ చేస్తే అసలు పేర్లు క్లాస్ ఫైల్లోకి రావు. జావా 8 నుంచి కంపైలర్‌కు పారామీటర్స్ అనే ఆప్షన్ ఇస్తే వస్తాయి.

ముందుముందు మీరు తప్పకుండా ఎదుర్కొనేది ఇన్వొకేషన్ టార్గెట్ ఎక్సెప్షన్. మెథడ్ దొరికి, పిలుపు అంది, ఆ మెథడ్ లోపల ఏదైనా తప్పు జరిగితే, ఆ అసలు తప్పును రిఫ్లెక్షన్ ఒక కవర్లో పెట్టి ఇస్తుంది. చాలామంది కవర్ మీద పేరు చూసి రిఫ్లెక్షన్ చెడిపోయిందనుకుంటారు. గెట్‌కాజ్‌తో కవర్ విప్పితే లోపల సున్నాతో భాగించడమో, ఖాళీ విలువో, అసలు కారణం ఉంటుంది.

ఇప్పుడు మీ పెద్ద ప్రశ్న. రిఫ్లెక్షన్ మొత్తం తీసేయమని చెప్పాలా?

ఇది చెడ్డ వస్తువు అన్న అభిప్రాయంతో మొదలుపెట్టకండి. ప్రోగ్రాం తనను తాను చూసుకోగలగాలి అన్న ఆలోచనను 1982లో ఎంఐటీలో బ్రయన్ కాంట్‌వెల్ స్మిత్ తన పరిశోధనలో లోతుగా పరిశీలించారు. జావాలోకి ఇది 1997లో, 1.1 వెర్షన్‌తో వచ్చింది. మీరు టెస్టులు రాయడానికి వాడే జేయూనిట్, జేసన్ అనే డేటా రూపాన్ని చదవడానికి వాడే జాక్సన్, పెద్ద ప్రోగ్రాంలు కట్టడానికి వాడే స్ప్రింగ్ అన్నీ దీని మీదే నడుస్తాయి. స్ప్రింగ్‌లో మీ ప్రైవేట్ ఫీల్డ్ మీద ఆటోవైర్డ్ అని రాస్తే అందులోకి విలువ ఎలా వచ్చి కూర్చుంటుందనుకున్నారు? ఈ లైబ్రరీలు రాసినవాళ్ళకు కొత్తవాడలో ఒక అమ్మాయి రేపు ఏ క్లాస్ రాస్తుందో తెలిసే అవకాశమే లేదు. వాళ్ళకు రిఫ్లెక్షన్ తప్పనిసరి.

మీ సీనియర్‌కు ఆ అవసరం ఉందా అన్నదే అడగాల్సిన ప్రశ్న. ఆ ఖర్చుల మెథడ్లు రాసింది ఆయనే, వాటిని పిలిచే కోడ్ రాసిందీ ఆయనే. రాసే రోజున పేరు తెలిసినప్పుడు నేరుగా పిలవవచ్చు. దుకాణాన్ని బట్టి ఖర్చులు మారతాయి కాబట్టి టేబుల్ పెట్టామని మీ లీడ్ అంటున్నారు. టేబుల్ పెట్టడం మంచిదే. కానీ కొత్త రకం ఖర్చు వస్తే మెథడ్ రాసి కొత్త వెర్షన్ ఇవ్వక తప్పదు కదా. టేబుల్ చేసేది ఉన్నవాటిలో ఏది వాడాలో ఎంచడం ఒక్కటే, దానికి రిఫ్లెక్షన్ అక్కర్లేదు. ఈ సంగతి లీడ్‌తో మాట్లాడేటప్పుడు మెల్లగా, కానీ స్పష్టంగా చెప్పండి.

మీ ముందున్న దారుల్లో మొదటిది, రిఫ్లెక్షన్‌ను ఉంచి కాపలా పెట్టడం. ప్రోగ్రాం మొదలైనప్పుడే టేబుల్‌లో ప్రతి వరుసా చదివి, ఆ క్లాస్, ఆ మెథడ్, ఆ పారామీటర్లు నిజంగా ఉన్నాయో లేదో చూసి, ఒక్కటి దొరకకపోయినా ఏ దుకాణం, ఏ ఖర్చు అన్నది చెప్పి ఆగిపోవాలి. ముప్పై లైన్లు దాటదు. ఇదే పనిని టెస్టుగా కూడా రాస్తే ఎవరైనా మెథడ్ తీసిన రోజే మీ ఆఫీసులోనే ఎర్రగా కనిపిస్తుంది, మార్కెట్‌లో గుమాస్తా కనిపెట్టే దాకా పోదు. ఖాళీ క్యాచ్ బ్లాక్‌లన్నీ కూడా ఇప్పుడే నింపాలి. ఇది రెండు రోజుల పని, రిస్క్ దాదాపు లేదు. లోటు ఏమిటంటే ఐడీఈ మాత్రం "వాడటం లేదు" అనే చూపిస్తూ ఉంటుంది, కొత్తగా చేరినవాళ్ళు మళ్ళీ మీలాగే మోసపోవచ్చు.

దానికి కొంత విరుగుడు ఉంది. ఇలా పిలిచే ప్రతి మెథడ్ మీద మీ సొంత యానొటేషన్ (కోడ్‌కు తగిలించే గుర్తు చీటీ) ఒకటి, "ఖర్చు లెక్క" లాంటి పేరుతో పెట్టండి. చదివేవాళ్ళకు గుర్తు, ప్రోగ్రాంకు కూడా గుర్తు. దానికి రిటెన్షన్ రన్‌టైమ్ అని రాయడం మరిచిపోకండి. రాయకపోతే ఆ గుర్తు క్లాస్ ఫైల్లో ఉంటుంది గానీ నడిచేటప్పుడు రిఫ్లెక్షన్‌కు కనపడదు. జేయూనిట్ కూడా ఈ దారిలోనే వచ్చింది. మూడో వెర్షన్‌లో టెస్ట్ అన్న మాటతో మొదలయ్యే పేరున్న మెథడ్లనే ఏరి నడిపేది. టెస్ట్ అన్న చోట ఒక అక్షరం అటూ ఇటూ అయితే ఆ పరీక్ష నడవదు, నడవలేదని చెప్పదు కూడా. హన్మకొండలో నేను పాఠాలు చెప్పిన రోజుల్లో ఒక పిల్లవాడు అలా మూడు నెలలు ఒక పరీక్ష నడుస్తోందనే నమ్మకంతో ఉన్నాడు. 2006లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో పేరు బదులు యానొటేషన్ పెట్టారు. మీ ఖర్చుల టేబుల్‌కు పట్టిన జబ్బూ అలాంటిదే.

రెండో దారి, రిఫ్లెక్షన్‌ను ఆ చోటులోంచి తీసేయడం. ఒకే మెథడ్ ఉన్న చిన్న ఇంటర్‌ఫేస్ రాసి, "హమాలీ" అన్న మాటకు హమాలీ లెక్క, "దడ్వాయి" అన్న మాటకు దడ్వాయి లెక్క అంటూ ఒక మ్యాప్ కట్టడం. జావా 8లోనే మెథడ్ రిఫరెన్సులు ఉన్నాయి కాబట్టి ప్రతిదానికీ క్లాస్ రాయనక్కర్లేదు, ఒక్కో ఖర్చుకు ఒక్కో లైను సరిపోతుంది. టేబుల్ అలాగే ఉంటుంది, అందులో క్లాస్ పేరు పోయి మామూలు మాట ఉంటుంది. ఎవరైనా మెథడ్ తీస్తే కంపైలర్ ఊరుకోదు. ఇది శాశ్వతమైన మరమ్మతు. కానీ ఇందులో ప్రతి దుకాణం లెక్కనూ తాకుతారు. మిర్చి సీజన్ నడుస్తుండగా దీని జోలికి వెళ్ళడం నాకైతే ఇష్టం లేదు. చేసినప్పుడు కూడా ఒక నెల పాత తక్‌పట్టీలు తీసుకుని, పాత పద్ధతిలోనూ కొత్త పద్ధతిలోనూ లెక్కగట్టించి, పైసాతో సహా సరిపోయాకే మార్చండి.

మూడోది ఏమీ ముట్టుకోకుండా వదిలేయడం. మీ లీడ్ కోపంలో అన్న మాట అదే. ఈ సీజన్ గడిచిపోవచ్చు. కానీ ఇంతకుముందు మీరు తెలియక చేసింది, ఇకపై ఎవరు చేసినా తెలిసి వదిలేసినట్టు అవుతుంది.

నన్నడిగితే ఈ వారం మొదటి దారి, సీజన్ తగ్గాక రెండోది అంటాను. కానీ మీ దగ్గర ఎంతమంది ఉన్నారు, ఎన్ని దుకాణాలకు ఒకేసారి వెర్షన్ ఇవ్వాలి అన్నవి మీకే తెలుసు. మొదటిదానితో ఆగిపోయినా తప్పు లేదు.

రిఫ్లెక్షన్ స్లో అని కూడా ఆఫీసులో ఎవరో అన్నారట. నేరుగా పిలిచినదానికంటే ఆలస్యమే. కానీ ఒక చీటీకి పది పిలుపులు, ఆ చీటీ ప్రింటర్‌లోంచి బయటికి రావడానికే అంతకంటే ఎన్నో రెట్ల టైం పడుతుంది. మెథడ్‌ను ప్రతిసారీ వెతక్కుండా ఒకసారి వెతికి దాచుకుంటే చాలు. ఆ కారణంతో తీసేయమని వాదించకండి, వాదన బలహీనపడుతుంది.

అడ్మిన్ స్క్రీన్ సంగతి మాత్రం ఆగేది కాదు. దుకాణం వాళ్ళు ఆ పేర్లు మార్చుకోవచ్చని మీరు మామూలుగా రాసేశారు. క్లాస్ పేరూ, మెథడ్ పేరూ బయటివాళ్ళు టైప్ చేయగలిగితే, ఖర్చు లెక్కలతో సంబంధం లేని ఏ క్లాస్‌నైనా మీ ప్రోగ్రాం చేత పిలిపించడానికి తలుపు తెరిచినట్టే. సాఫ్ట్‌వేర్ బలహీనతల సీడబ్ల్యూఈ జాబితాలో 470వది అచ్చంగా ఇదే. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేయకపోవచ్చు, అయినా రేపే లీడ్‌కు చెప్పి ఆ గడిని టైప్ చేసేదిగా కాకుండా జాబితాలోంచి ఎంచుకునేదిగా మార్పించండి. సర్వర్ వైపు కూడా, మీ యానొటేషన్ ఉన్న మెథడ్ అయితేనే పిలవాలన్న షరతు పెట్టండి.

ఇక ప్రింటింగ్ జార్‌లోని ప్రైవేట్ మెథడ్. గెట్‌డిక్లేర్డ్‌మెథడ్‌తో తెచ్చుకుని, సెట్‌యాక్సెసబుల్‌కు ట్రూ ఇచ్చి పిలవవచ్చు. జావా 17లో ఇది పూర్తిగా నిషేధం అని మీరు చదివినది సగమే నిజం. 2017లో జావా 9తో మాడ్యూళ్ళు, అంటే కోడ్‌ను గదులుగా విడదీసి ఏది బయటికి కనపడాలో చెప్పే ఏర్పాటు, వచ్చాయి. 2021లో 16, 17 వెర్షన్లతో తలుపు మూసింది జావా తన సొంత లోపలి క్లాసులకు. వాటిని కెలికితే ఇనాక్సెసబుల్ ఆబ్జెక్ట్ ఎక్సెప్షన్ వస్తుంది, ప్రోగ్రాం మొదలుపెట్టేటప్పుడు యాడ్ ఓపెన్స్ అని ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలి. మీరు మామూలుగా క్లాస్‌పాత్‌లో పెట్టుకున్న బయటి జార్‌కు ఆ అడ్డు లేదు. కాబట్టి 17లో కూడా నడుస్తుంది.

నడుస్తుంది కదా అని చేయాలా అన్నది వేరే మాట. ప్రైవేట్ అని రాసినవాళ్ళు దాని పేరును రేపు మార్చే హక్కు తమ దగ్గరే ఉంచుకున్నారు. కొత్త జార్ వేసిన రోజు మీ చీటీ తెగదు, మళ్ళీ మీ మీదికే వస్తుంది. ముందు వేరే దారి వెతకండి. చీటీలు కొట్టే థర్మల్ ప్రింటర్లు చాలావరకు ఈఎస్‌సీ పీఓఎస్ అనే కమాండ్ల పద్ధతిని పాటిస్తాయి. అందులో కాగితం కత్తిరించమనే ఆదేశం మూడు నాలుగు బైట్లే. మీ ప్రింటర్ ఆ రకమే అయి, ఆ జార్‌లో నేరుగా బైట్లు పంపే పబ్లిక్ మెథడ్ ఉంటే ప్రైవేట్‌దాన్ని ముట్టుకోవాల్సిన పనే లేదు. ప్రింటర్ మాన్యువల్ ఒక గంట చదవండి. అది కుదరకపోతే కొత్త వెర్షన్‌లో అది పబ్లిక్ అయిందేమో చూడండి. ఏదీ లేకపోతే అప్పుడు సెట్‌యాక్సెసబుల్, అది కూడా ఒకే ఒక్క చిన్న క్లాస్‌లో, జార్ వెర్షన్ మారకుండా కట్టిపెట్టి, ఆ మెథడ్ ఉందో లేదో చూసే టెస్టుతో.

ఉద్యోగం గురించి. అందరి ముందు అరవడం మీ లీడ్ చేసిన పొరపాటు. అది మీకు ఎంత గుచ్చుకుందో ఉత్తరంలో తెలుస్తోంది. దాన్ని చిన్నది చేసి మాట్లాడను. ఇప్పుడే మానేసి అమీర్‌పేట వెళ్తే మీకు కోర్సు వస్తుంది, అక్కావాళ్ళ తోడు ఉంటుంది, రోజూ ఆ ముఖం చూడాల్సిన బాధ ఉండదు. అయితే అక్కడ నేర్పే రిఫ్లెక్షన్ పాఠం ఒక పూటది. మీరు 340 చీటీలతో నేర్చుకున్నది అందులో ఉండదు. ఎనిమిది నెలలకే ఎందుకు వదిలారని ఇంటర్వ్యూలో అడిగితే జవాబు కూడా ఇంకా సగంలోనే ఉంటుంది. ఇంకో ఆరు నెలలు ఉండి ఆ కాపలా పెట్టి, ఆ మ్యాప్ కట్టి వెళ్తే, అదే సంఘటన మీరు గట్టిగా చెప్పుకోగలిగే అనుభవం అవుతుంది. అలాగని అరుపులు రోజూ సాగితే, రాత్రి నిద్ర పట్టకపోతే ఆరు నెలలు ఆగనక్కర్లేదు. ఆ విషయంలో మీ ఒంటి మాట వినండి, నా లెక్క వినకండి. నాన్నగారికి ఇంకా చెప్పలేదని రాశారు. చెప్పండి. మగ్గం మీద పోగు తెగితే అతికించుకుని మళ్ళీ నేసే మనిషి ఆయన, మీరు అనుకున్నంత కంగారు పడరు.

లీడ్‌తో ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదన్నారు. మాటలతో కాకుండా ఒక పేజీ కాగితంతో వెళ్ళండి. "సార్, నేను చెప్పకుండా తీసేయడం తప్పే. అది రెండు రోజులు ఎందుకు బయటపడలేదో చూశాను, మళ్ళీ జరగకుండా ఇది చేద్దామనుకుంటున్నాను" అని మీ తప్పుతోనే మొదలుపెట్టండి. సీనియర్ పేరు ఎత్తకండి, ఆయన అక్కడ లేరు. కింద ఖాళీ క్యాచ్ బ్లాక్, అడ్మిన్ స్క్రీన్, మొదటి దారికి పట్టే రెండు రోజులు రాయండి. ఒప్పుకుంటే మంచిది. ఒప్పుకోకపోతే ఆ కాగితాన్నే మెయిల్‌గా కూడా పంపి ఉంచండి.

వీలైతే ఒక పొద్దున ఆ గుమాస్తా ఉన్న దుకాణానికి వెళ్ళి రండి. తక్‌పట్టీ ఎలా పుడుతుందో ఇంతవరకు ఒక్కసారి కూడా చూడలేదని రాశారు. కాంటా దగ్గర నిలబడి, దడ్వాయి తూకం చెప్పడం, అది స్క్రీన్ మీదికి రావడం, రైతు ఆ చీటీలో ముందుగా ఏ అంకె చూస్తాడో చూడండి. సున్నాను పట్టుకున్న గుమాస్తాకు ఒక థ్యాంక్స్ కూడా చెప్పండి.

వచ్చాక ఆ కాపలా చెక్ రాయడం మొదలుపెట్టండి. మొదటి వరుసగా హమాలీ లెక్కనే పెట్టండి. కావాలనే దాని పేరు ఒక అక్షరం మార్చి, ప్రోగ్రాం ఆగుతోందో లేదో మీ కళ్ళతో చూసుకోండి. ఎక్కడైనా చిక్కుపడితే ఎర్రర్ మొత్తం, కింద "కాజ్డ్ బై" అని ఉండే వరుసలతో సహా, నాకు పంపండి.